చుట్టం వేసిన టెండర్, చైర్మన్ చెప్పిన మాట, నా సంతకం

పేరు, ఊరు బయటపెట్టవద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

ఆమె ఒక చిన్న పట్టణంలో పురపాలక కార్యాలయంలో కొనుగోళ్ల సెక్షన్ చూస్తారు. సెక్షన్ అంటే ఆమె, పైన ఒక సీనియర్, ఒక టైపిస్టు. పట్టణంలో పాత వీధిదీపాలు తీసేసి ఎల్‌ఈడీ దీపాలు వేయాలని కౌన్సిల్ తీర్మానించింది. మూడేళ్ల నిర్వహణ కూడా సప్లయరే చూసుకోవాలి. టెండర్ పిలిస్తే నాలుగు బిడ్లు వచ్చాయి. అన్నిటికంటే తక్కువ రేటు వేసింది బయటి కంపెనీ. ఇంతకుముందు ఆ ఊళ్లో ఎప్పుడూ పని చేయలేదు. దానికంటే తొమ్మిది శాతం ఎక్కువ వేసిన రెండో బిడ్డర్‌ది ఊళ్లోనే ఎలక్ట్రికల్ షాపు. దాని యజమాని ఈమె తోడికోడలికి సొంత అన్న. మనిషి మంచివాడే. గాలివానకు స్తంభాలు కూలినప్పుడు అర్ధరాత్రి వచ్చి పని చేసిపెట్టినవాడు. మిగిలిన రెండు బిడ్లు ఇంకా ఎక్కువ రేటువి. ఆ రెండింట్లోనూ ఒకే చోట ఒకే అక్షరదోషం, ఒకే కూడికలో ఒకే తప్పు ఉన్నాయి.

ఇంకో సంగతి. ఈమెకు ముందు ఆ సీట్లో ఉన్నవారు స్పెసిఫికేషన్ తయారు చేశారు. అందులో దీపం బాడీ పొడవు, బోల్టుల మధ్య దూరం ఒకే బ్రాండ్ కేటలాగ్‌తో మిల్లీమీటర్ తేడా లేకుండా సరిపోతున్నాయి. ఆ బ్రాండ్ డీలరు ఈ చుట్టమే. బయటి కంపెనీ దీపం కొలత కొద్దిగా తేడా. "ఆ కారణం చాలు, రిజెక్ట్ చేసేద్దాం" అంటున్నారు సీనియర్. అది కుదరకపోతే టెండర్ రద్దు చేసి, పనిని వార్డులవారీగా నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి టెండర్ పరిమితి కిందికి వస్తుందని, అప్పుడు కొటేషన్ల మీదే కొనేయొచ్చని ఆయన సలహా. "ఊరి డబ్బు ఊళ్లోనే ఉండాలి, మనవాడైతే పిలిస్తే పలుకుతాడు" అని చైర్మన్ నోటిమాటగా చెప్పారు. ఇంట్లో అత్తగారు "వాళ్లు నోరు తెరిచి అడగరు, మనమే చూసుకోవాలి" అంటారు. భర్త ఏమీ మాట్లాడరు. వీటన్నిటి మధ్య బయటి కంపెనీ మనిషి ఫోన్ చేసి, "ఎవరికి వస్తుందో మాకు తెలుసు మేడమ్, ఊరికే వేశాం" అన్నాడట. ఆ మాట మనసులోంచి పోవడం లేదంటారామె.

"మా వాళ్లకిస్తే పక్షపాతం. నిజాయితీ చూపించుకోవడానికి ఆయన్ని పక్కన పెడితే అదీ అన్యాయమే కదా? సంతకం పెట్టనంటే ఉద్యోగం ఏమవుతుందో అని టెన్షన్. సోమవారం కమిటీ సమావేశం. దారి చెప్పండి" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో సగానికి పైగా చుట్టరికం గురించే ఉంది. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే. కానీ ఆడిట్ పనిలో చాలాకాలం ఫైళ్లు చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, వీటన్నిటిలో తేలిగ్గా తేలిపోయే చిక్కు అదే. బరువైన విషయాలను మీరు నాలుగు వాక్యాల్లో రాసి ముందుకు వెళ్లిపోయారు. దీపం కొలతలు ఒకటి, ఒకే తప్పులున్న రెండు బిడ్లు ఇంకొకటి. వాటి దగ్గరికి వస్తాను. ముందు చుట్టరికం సంగతి తేలుద్దాం.

చిన్న ఊళ్లో కొనుగోళ్లు చూసే మనిషి దగ్గరికి చుట్టాలు, స్నేహితులు, కలిసి చదువుకున్నవాళ్లు బిడ్లు వేస్తూనే ఉంటారు. వేయొద్దనడానికి వీల్లేదు, వాళ్ల వ్యాపారం అది. ఇందులో మీ తప్పు లేదు, ఆయన తప్పూ లేదు. ఏ నియమావళీ చుట్టాలే లేని అధికారి కావాలని అడగదు. ఆ చుట్టరికం కాగితం మీదకి రావాలని మాత్రమే అడుగుతుంది. అవినీతి మీద ఐక్యరాజ్యసమితి 2003లో ఆమోదించిన ఒప్పందంలో తొమ్మిదో అధికరణం ప్రభుత్వ కొనుగోళ్ల గురించే. కొనుగోలు చూసే సిబ్బంది, ఫలానా కొనుగోలులో తమకేదైనా సంబంధం ఉంటే ప్రకటించే ఏర్పాటు గురించి అందులో విడిగా చెప్పారు. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన కొనుగోళ్ల ఆదేశం ఇంకొంచెం ముందుకెళ్లింది. అధికారి నిష్పాక్షికంగా లేరేమో అని చూసేవాళ్లకు అనిపించే పరిస్థితిని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. అంటే మీరు మనసులో ఎంత శుభ్రంగా ఉన్నా సరిపోదు. మీ మనసు మీకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. కాగితం అందరికీ కనిపిస్తుంది.

కాబట్టి మొదటి పని ఒక చిన్న ఉత్తరం. ఫలానా బిడ్డర్ నాకు ఫలానా వరసలో చుట్టం, ఈ టెండర్ మూల్యాంకనం నుంచి నన్ను తప్పించండి, అంతే. కారణాల చిట్టా అక్కర్లేదు, క్షమాపణలు అక్కర్లేదు. మీ కార్యాలయ అధిపతి పేరిట రాసి, తేదీ వేసి, ఇన్‌వర్డ్‌లో, అంటే వచ్చిన కాగితాలు నమోదు చేసే రిజిస్టరులో, నంబరు వేయించుకోండి. సోమవారం సమావేశానికి ముందే అది ఫైల్లో ఉండాలి. నిర్ణయం జరిగాక ఇచ్చే ప్రకటనకు విలువ ఉండదు, సంజాయిషీలా కనిపిస్తుంది.

దానికి జవాబుగా రెండింట్లో ఒకటి జరుగుతుంది. మిమ్మల్ని తప్పించి వేరేవాళ్లకు అప్పగిస్తారు. లేదా, "దగ్గర చుట్టరికం కాదుగా, మీరే చూడండి" అంటారు. రెండోది అంటే ఆ మాట అదే ఫైల్లో రాసి ఇమ్మనండి. రాసిస్తే మీకు రక్షణ. రాయడానికి వెనకాడితే, ఆ మాట అన్నవారికే దాని మీద నమ్మకం లేదని అర్థం. అప్పుడు మీరు పక్కకు జరగడమే మేలు.

ముగ్గురున్న సెక్షన్‌లో తప్పుకుంటే ఎవరు చేస్తారన్నది నిజమైన ఇబ్బందే. పక్క పురపాలక కార్యాలయం నుంచి ఒకరిని ఈ ఒక్క పనికి అడగొచ్చు. ఇంజినీరింగ్ విభాగం నుంచి ఒకరిని, అకౌంట్స్ నుంచి ఒకరిని కలిపి చిన్న కమిటీ వేయొచ్చు. మీరు పాత బిల్లులు, దీపాల సంఖ్య లాంటి లెక్కలు అందిస్తారు గానీ మార్కులు వేయరు, ఆ చర్చ జరిగే గదిలో కూర్చోరు. సంతకం మాత్రం మానేసి చర్చలో కూర్చోవడం, బయట వరండాలో అభిప్రాయం చెప్పడం తప్పుకోవడం కిందికి రాదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మీరు తప్పుకోగానే ఫైలు ఎవరి చేతికి వెళుతుంది? ముక్కలు చేద్దామంటున్న సీనియర్ చేతికే. మీరు మౌనంగా పక్కకు జరిగితే మీ పేరు శుభ్రంగా ఉంటుంది, జరగాల్సిన అన్యాయం హాయిగా జరిగిపోతుంది. నిజాయితీపరులైన చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాళ్లను తప్పుపట్టలేను, కానీ మీకు అది సరిపోదనే అనుకుంటున్నాను. సరిపోయేదే అయితే ఈ ఉత్తరం రాసేవారు కాదు. అందుకే రెండో కాగితం కూడా కావాలి. ఫైల్లో మీకు కనిపించిన విషయాలు, వ్యాఖ్యానం లేకుండా. స్పెసిఫికేషన్‌లోని ఫలానా కొలతలు ఫలానా కేటలాగ్ పేజీతో సరిపోతున్నాయి. ఫలానా రెండు బిడ్లలో ఫలానా పేజీల్లో ఒకే తప్పు ఉంది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న ఊహలు వద్దు. తప్పుకుంటున్న మనిషిగా తరువాతివారికి ఫైలు అప్పగించేటప్పుడు తెలిసింది చెప్పడం మీ బాధ్యత, అంతవరకే రాయండి.

చుట్టాన్ని పక్కన పెట్టి నిజాయితీ చూపించుకుంటే అదీ అన్యాయమే కదా అని అడిగారు. అవును, అన్యాయమే. ఈ ప్రశ్న మీకు తట్టినందుకు నాకు చాలా సంతోషమనిపించింది. మన పేరు కాపాడుకోవడానికి ఇంకొకరి బిడ్‌ను బలిపెట్టడం కూడా పక్షపాతమే, మొగ్గు అటు కాకుండా ఇటు, అంతే తేడా. ఆయనకు అందరితో సమానంగా పోటీ చేసే హక్కుంది. మీరు తప్పుకుంటే ఆ హక్కు నిలబడుతుంది. ఆయన గెలిచినా మీవల్ల గెలిచాడని ఎవరూ అనలేరు, ఓడినా మీవల్ల ఓడాడని మీ ఇంట్లోవాళ్లు అనలేరు. ఆయన పని మంచిదైతే ఆ గెలుపు ఆయనకు మచ్చ లేకుండా దక్కాలి కూడా.

ఇక చైర్మన్ గారి మాట. దాన్ని కొట్టిపారేయకండి, అందులో నిజముంది. దగ్గర్లో ఉన్నవాడు త్వరగా వస్తాడు. ఊళ్లో షాపు నడిస్తే నలుగురికి పని దొరుకుతుంది. స్థానికులకు కొంత ప్రాధాన్యం ఇవ్వడాన్ని కొన్ని చట్టాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల కమిషన్ 2011లో తెచ్చిన నమూనా చట్టం ఇలాంటి ప్రాధాన్యానికి చోటిచ్చింది, కానీ షరతుతో. నిబంధనల్లో దానికి అనుమతి ఉండాలి, టెండర్ పత్రాల్లో ముందే చెప్పి ఉండాలి. బిడ్లు తెరిచి, ఎవరు ఎంత వేశారో చూశాక గుర్తొచ్చే ప్రాధాన్యానికి ఎక్కడా చోటు లేదు. మీ టెండర్ నోటీసులో ఆ మాట లేకపోతే, ఈసారికి ఆ వాదన చెల్లదు.

పైగా చైర్మన్ కోరేది నిజంగా ఊరివాడినా, లేక త్వరగా జరిగే రిపేరునా? రెండోదే అయితే దాన్ని నేరుగా అడగొచ్చు. దీపం ఆరిపోయిందని ఫిర్యాదు వచ్చిన ఇన్ని గంటల్లో బాగుచేయాలి, ఇన్ని విడిభాగాలు పట్టణంలోనే నిల్వ ఉంచాలి, ఆలస్యమైతే రోజుకింత కోత అని టెండర్‌లో రాస్తే, ఊళ్లో ఉన్నవాడికి ఆ షరతు సహజంగానే సులువు. బయటివాడు కావాలంటే ఇక్కడ ఒక ఎలక్ట్రీషియన్‌ను పెట్టుకుంటాడు. షరతు తీరుస్తాడా లేదా అన్నదే లెక్క, ఎవరి తాలూకు అన్నది కాదు. ఆ తొమ్మిది శాతం ఎవరు కడతారో కూడా ఆలోచించాలి. షాపులున్నవాళ్లే కాదు, పన్ను కట్టే ప్రతి ఇల్లూ కడుతుంది. ఇంకా ముఖ్యమైనది, ఈ ఊళ్లో బయటివాడికి రాదని పేరు పడితే వచ్చేసారి బయటివాడు రాడు. ఆ ఫోన్ చేసిన మనిషి అన్నది ఇదే. బయటి పోటీ పోయాక ఊళ్లో రేటు తొమ్మిది శాతం దగ్గర ఆగాల్సిన అవసరం ఏమిటి?

ఇప్పుడు స్పెసిఫికేషన్. నా దృష్టిలో మీ ఫైల్లో అన్నిటికంటే పెద్ద గాయం ఇదే. పోటీ టెండర్ రోజున చెడిపోలేదు, స్పెసిఫికేషన్ టైపు చేసిన రోజునే చెడిపోయింది. చేసినవారికి చెడు ఉద్దేశం ఉండి ఉండకపోవచ్చు. చిన్న కార్యాలయాల్లో సాంకేతికంగా తెలిసినవారుండరు, దగ్గర్లో ఉన్న షాపువాణ్ణి అడుగుతారు, అతను తన కేటలాగ్ ఇస్తాడు, అందులోదే దించేస్తారు. ఫలితం మాత్రం ఒకటే, తలుపు ఒక మనిషి ఎత్తుకు సరిపోయేలా కోసినట్టవుతుంది.

వీధిదీపం నుంచి పట్టణానికి కావాల్సిందేమిటి? రోడ్డు మీద ఎంత వెలుగు పడాలి, ఒక వాట్ కరెంటుకు ఎన్ని ల్యూమెన్ల వెలుగు రావాలి, వెలుగు రంగు ఎన్ని కెల్విన్లు ఉండాలి, దుమ్ము వానా లోపలికి పోకుండా ఐపీ 66 స్థాయి రక్షణ ఉందా, కరెంటు ఒక్కసారిగా పెరిగితే తట్టుకునే సర్జ్ రక్షణ ఎంత, ఎన్ని వేల గంటలకు వెలుగు మొదటిదాంట్లో 70 శాతానికి పడిపోతుంది. ఈ చివరిదాన్ని ఆ రంగంలో ఎల్ 70 అంటారు. ఇవన్నీ పనితనం అడిగే ప్రశ్నలు. ఏ బ్రాండ్ అయినా జవాబు చెప్పుకోవచ్చు. బాడీ పొడవు ఇంత అన్నది వెలుగుకు సంబంధం లేని ప్రశ్న. పాత స్తంభాలకు బిగించాలి కాబట్టి బోల్టుల దూరం ముఖ్యమే అనుకుంటే, "ఇప్పుడున్న స్తంభాలకు బిగేలా" అని రాసి, స్తంభం కొలత ఇస్తే సరిపోతుంది. తప్పనిసరిగా బ్రాండ్ పేరు చెప్పాల్సి వస్తే "లేదా దానికి సమానమైనది" అని చేర్చాలి. చేర్చి ఊరుకోకుండా, సమానమైనది నిజంగా వచ్చినప్పుడు ఒప్పుకోవాలి.

తక్కువ రేటు అంటే అదే మంచిదని కూడా నేననను. వీధిదీపానికి కొన్నప్పటి ఖర్చు మొదటి ఖర్చు మాత్రమే. ఏళ్లతరబడి కరెంటు బిల్లు, మార్చే కూలీ కలిపితే లెక్క మారిపోవచ్చు. జీవితకాలం మొత్తం అయ్యే ఖర్చును లెక్కగట్టి కొనడానికి చాలా చట్టాలు దారి ఇచ్చాయి. అనుమానం కలిగించేంత తక్కువ రేటు వస్తే బిడ్డర్‌ను వివరణ అడగొచ్చు కూడా. కానీ ఇవన్నీ ఏ ప్రాతిపదికన, ఎంత బరువుతో లెక్కిస్తారో ముందే నోటీసులో చెప్పి ఉండాలి. పేర్లు తెలియకముందు రాసిన కారణాన్ని జనం నమ్ముతారు. తెలిశాక వెతికిన కారణం ఎంత తెలివైనదైనా, చదివేవాడికి దాని వెనక ఉన్న పేరే కనిపిస్తుంది.

ముక్కలు చేసే సలహా గురించి ఎక్కువ రాయను. వద్దు. టెండర్ పరిమితిని తప్పించుకోవడానికి, పోటీని తగ్గించడానికి పనిని విడగొట్టకూడదని నేను చెప్పిన ఆ నమూనా చట్టంలోనే ఉంది. ఆడిట్‌లో మొదట పట్టుబడేదీ ఇదే. ఒకే నెలలో, ఒకే వస్తువుకు, పరిమితికి కొంచెం కింద నాలుగు బిల్లులు కనిపిస్తే వెతకాల్సిన పనే ఉండదు. చిన్న వ్యాపారులకు అవకాశం ఇవ్వడానికి పనిని భాగాలు చేయడం వేరు. దాన్ని చాలాచోట్ల ప్రోత్సహిస్తారు కూడా. అప్పుడు అన్ని భాగాల విలువా కలిపి చూసి, ఆ మొత్తానికి తగిన పద్ధతిలోనే టెండర్ పిలుస్తారు. మీ సీనియర్ చెబుతున్నది అది కాదు.

ఒకేలాంటి తప్పులున్న ఆ రెండు బిడ్లు నన్ను కలవరపెట్టాయి. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ, అంటే ఓఈసీడీ, టెండర్లలో కుమ్మక్కును పట్టుకోవడం మీద 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. వేర్వేరు బిడ్లలో ఒకే అక్షరదోషాలు, ఒకే లెక్క తప్పులు కనిపించడం అందులో చెప్పిన హెచ్చరికల్లో ఉంది. కుమ్మక్కును అరికడితే ధరలు 20 శాతం, అంతకు మించి కూడా తగ్గే అవకాశం ఉందని ఆ సంస్థే చెబుతుంది. చూడటానికి మీకు నాలుగు బిడ్లు. నిజానికి రెండే కావచ్చు. మిగతావి మనం మామూలుగా అనే డమ్మీ కొటేషన్లు, అంటే గెలవడానికి కాకుండా పోటీ ఉన్నట్టు చూపించడానికి వేసినవి, కావచ్చు.

కాకపోవచ్చు కూడా. ఇద్దరూ ఒకే డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి, పాత ఫైలు మీదే అంకెలు మార్పించుకున్నా ఇలాగే ఉంటుంది. అందుకే ఎవరినీ నిలదీయవద్దు. బిడ్డర్లతో ఈ మాటే ఎత్తవద్దు. ఎత్తితే నిజమైన దోషి జాగ్రత్తపడతాడు, నిర్దోషి అవమానపడతాడు. కవర్లు, అసలు కాగితాలు, వచ్చిన తేదీ, సమయం ఉన్న రిజిస్టరు భద్రంగా ఉండేలా చూడండి. మీ రెండో కాగితంలో ఈ పోలికను రాసి, పరిశీలించే అధికారం ఉన్న విభాగానికి పంపమని కోరండి. ఇందులో మీ చుట్టం చేయి ఉందని మీరు అనుకోవాల్సిన పని లేదు, లేదని హామీ ఇవ్వాల్సిన పని అంతకన్నా లేదు.

ఇవన్నీ కలిపి చూస్తే కమిటీ ముందు ఏ దారులున్నాయి? మీరు ఆ గదిలో ఉండకపోవచ్చు, కానీ మీ రెండో కాగితం చదివాక వాళ్లు వీటి గురించే మాట్లాడాలి.

ఉన్న బిడ్లతోనే ముందుకు వెళ్లడం ఒకటి. బయటి కంపెనీ దీపం కొలతలో తేడా పనితనాన్ని మార్చదని ఇంజినీరు రాతపూర్వకంగా చెబితే, దాన్ని చిన్న తేడాగా పరిగణించి ఒప్పుకోవడానికి చాలా నిబంధనల్లో వీలుంటుంది. ఈ దారిలో పని త్వరగా అవుతుంది, ఊరు చీకట్లో ఉండదు. తక్కువ వేసినవాడికి న్యాయం జరుగుతుంది. అయితే ఆ కొలత చూసి, మన దీపం సరిపోదని అసలు బిడ్ వేయకుండా ఆగిపోయిన వ్యాపారులెవరైనా ఉంటే వాళ్లకు అన్యాయం జరిగినట్టే. మీ చుట్టం కూడా, "నేను స్పెసిఫికేషన్ ప్రకారమే వేశాను, అతను వేయలేదు, అతనికెలా ఇస్తారు" అని అడగొచ్చు. ఆ ప్రశ్నకు పస ఉంది.

రద్దు చేసి, స్పెసిఫికేషన్ సరిదిద్ది, మళ్లీ పిలవడం ఇంకొకటి. గాయం మొదలైన చోటే కట్టు కట్టడం ఇది. కానీ ఆలస్యం అవుతుంది. బయటి కంపెనీ రేటు ఇప్పటికే అందరికీ తెలిసిపోయింది, మళ్లీ పోటీలో అతనికి నష్టం. కావాల్సినవాడు వచ్చేదాకా రద్దులు చేసే అలవాటు చాలాచోట్ల ఉంది కాబట్టి జనం ఇదీ అలాంటిదే అనుకోవచ్చు. అలా అనుకోకుండా ఉండాలంటే రద్దుకు కారణం నోటీసులోనే స్పష్టంగా ఉండాలి, కొత్త స్పెసిఫికేషన్‌లో మార్పు కళ్లకు కనబడాలి, నలుగురు బిడ్డర్లకూ ఒకే రోజు ఒకే సమాచారం వెళ్లాలి. ఈలోగా ప్రమాదకరంగా ఉన్న కూడళ్లలో పాత ఏర్పాటు కిందే రిపేర్లు చేయించుకోవచ్చు.

నా మొగ్గు రెండోదాని వైపే. కొలత అలా ఉండి, రెండు బిడ్ల మీద అనుమానం కూడా ఉన్నప్పుడు ఈ టెండర్‌ను పోటీ అనడానికి నాకు మనసొప్పదు. మీ ఊళ్లో పరిస్థితి నాకన్నా మీకు తెలుసు. దీపాలు లేక నిజంగా ప్రాణాపాయం ఉంటే, ఇంజినీరు కొలత తేడాను చిన్నదని తేల్చితే, మొదటి దారినీ నిజాయితీగా సమర్థించుకోవచ్చు. కొలత సాకుతో బయటి కంపెనీని తీసేసి రెండో బిడ్‌కు ఇవ్వడాన్ని మాత్రం ఏ విధంగానూ సమర్థించలేం.

ఇక మీ భయం. దాన్ని తక్కువ చేయను. చైర్మన్‌కు కోపం రావచ్చు, సీనియర్ మాట్లాడటం మానేయవచ్చు, బదిలీ కావచ్చు. రావని చెబితే అబద్ధం అవుతుంది. అయితే మీరు "సంతకం పెట్టను" అని ఎదురు తిరగాల్సిన అవసరం ఇంకా రాలేదని గమనించండి. తప్పుకుంటున్నానని చెప్పడం ధిక్కారం కాదు, నియమం. నోటిమాటగా ఆదేశం వస్తే ఫైల్లో నోట్ పెట్టండి. "ఈరోజు మౌఖికంగా ఫలానా విధంగా చేయమన్నారు. నిబంధన ఇలా ఉంది. తదుపరి ఆదేశాలు రాతపూర్వకంగా ఇవ్వగలరు." వినయంగా, మూడు వాక్యాలు. నోటితో తేలిగ్గా చెప్పిన చాలా ఆదేశాలు రాయమనేసరికి ఆగిపోతాయి. రాసి ఇస్తే బాధ్యత రాసినవారిది. స్పష్టంగా చట్టవిరుద్ధమైనది రాసి ఇచ్చినా, మీ అభ్యంతరం ఫైల్లో ఉండాలి. అప్పుడు పై అధికారికి, ఆడిట్‌కు, విజిలెన్స్ లాంటి విభాగం ఉంటే దానికి తెలియజేయడం తరువాతి మెట్టు.

పత్రికకో, సోషల్ మీడియాకో ముందే ఇవ్వాలనిపించవచ్చు. ఆ దారిలో వేగం ఉంది, కానీ గోప్యంగా ఉండాల్సిన బిడ్ కాగితాలు బయటపెట్టారన్న నేరం మీ మీదకే తిరుగుతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. ఫిర్యాదు చేసినవారిని కాపాడే విషయం ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 33వ అధికరణంగా ఉన్నా, ఆ రక్షణ అన్నిచోట్లా ఒకేలా అమలు కాదు. కాబట్టి మీ రక్షణ మీరే పేర్చుకోండి. ఏ రోజు ఎవరు ఏమన్నారో సొంత డైరీలో అదే రోజు రాసుకోండి. మీ రెండు ఉత్తరాల నకళ్లు ఇన్‌వర్డ్ నంబర్లతో దగ్గర ఉంచుకోండి. ఉద్యోగుల సంఘంలో నమ్మకమైనవారు, సర్వీసు నిబంధనలు తెలిసిన వకీలు ఉంటే సోమవారానికి ముందే ఒకసారి మాట్లాడండి.

ఆ ఫోన్ చేసిన మనిషికి విడిగా జవాబు చెప్పకండి. మంచి ఉద్దేశంతో "అలా ఏమీ లేదండీ" అన్నా సరే, ఒక బిడ్డర్‌తో చాటుగా మాట్లాడినట్టవుతుంది. ఫోన్ వచ్చిందని తేదీతో రాసి ఉంచండి. అతనికి జవాబు కార్యాలయం ఇవ్వాలి. ఎవరెవరు ఎంత వేశారు, ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్నది నోటీసు బోర్డు మీద పెట్టడమే ఆ జవాబు. స్లొవాకియాలో 2011 నుంచి ప్రభుత్వ కాంట్రాక్టు ఇంటర్నెట్‌లో ప్రచురిస్తేనే అమల్లోకి వస్తుంది. ఉక్రెయిన్ 2016లో ప్రభుత్వ కొనుగోళ్లను ప్రొజోరో అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థలోకి తెచ్చింది. అందరూ అన్నీ చూడొచ్చన్నది దాని నినాదం. మీ పట్టణానికి అంత పెద్ద వ్యవస్థ అక్కర్లేదు. ఒక పేజీ, ఒక బోర్డు చాలు. ఓడినవాళ్లకు కారణం చెబుతూ ఒక్కో ఉత్తరం, అభ్యంతరం చెప్పుకోవడానికి కొన్ని రోజుల గడువు ఇచ్చి ఆ తరువాతే కాంట్రాక్టు మీద సంతకాలు చేయాలని మీ కార్యాలయానికి సూచించండి. ఓడినవాడు కోపంగా వెళ్లవచ్చు, కానీ కారణం తెలిసి వెళితే మళ్లీ బిడ్ వేస్తాడు.

చివరగా ఇల్లు. మీ తోడికోడలి అన్నగారికి ఈ విషయం ఇంకొకరి ద్వారా తెలియకూడదు. సోమవారం ఉత్తరం ఇచ్చాక, ఆయనకు మీరే చెప్పండి. వీలైతే మీ తోడికోడలు, మీ వారు కూడా ఉన్నప్పుడు చెప్పండి. "అన్నయ్యా, మీరు బిడ్ వేశారు కాబట్టి నేను ఆ పని నుంచి తప్పుకున్నాను. నా వల్ల మీకు రావాల్సింది పోదు, రానిది రాదు. ఫలితం మీద సందేహం ఉంటే కార్యాలయానికి రాయండి, కారణం చెప్పాల్సిన బాధ్యత వాళ్లకుంది." ఇంతకు మించి బిడ్ల గురించి, కమిటీ గురించి ఒక్క మాట కూడా చెప్పకండి, ఆయన అడిగినా, అత్తగారు అడిగినా. మీ వారితో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి. ఫైల్లోని వివరాలు వద్దు. మీరేం చేయబోతున్నారు, దానివల్ల ఇంటికి రాగల ఇబ్బందులేమిటి, వాళ్ల వైపు నుంచి మాట వస్తే ఆయన ఏమంటారు, ఇవి మాట్లాడండి. ఆయన మౌనం కోపమో, భయమో, లేక మీకే వదిలేయడమో మీకు తెలియదని ఉత్తరంలో కనిపిస్తోంది. సోమవారం ఆఫీసుకు వెళ్లేముందు అది తెలుసుకోండి.